కడక్‌నాథ్ కొంటున్నారా? ఈకలు తర్వాత, ముందు అరికాలు చూడండి

లోపలి కండ దాకా నల్లగా ఉండే కడక్‌నాథ్ కోడి పిల్లలు ఎక్కడ దొరుకుతాయి? దొరికినవి అసలువో కావో ఎలా తెలుస్తుంది? తింటే షుగరు తగ్గుతుందంట, నిజమేనా? వారం తిరక్కుండా ఎవరో ఒకరు ఈ మూడూ అడుగుతూనే ఉన్నారు. అందరికీ ఒకేసారి వరసగా రాసిపెడుతున్నాను. పెరట్లో పదీ ఇరవై పిల్లలతో మొదలుపెట్టేవాళ్ల కోసం, కూరకి ఒక కోడి కొనుక్కునేవాళ్ల కోసం రాసింది ఇది. ఐదొందల పిల్లలతో షెడ్డు వేద్దామనుకుంటున్నవాళ్లు మాత్రం ముందు 8వ మెట్టు చదివి, తర్వాత మొదటికి రండి.

ముందు తెలియాల్సింది కొంచెమే

కడక్‌నాథ్ పుట్టిల్లు మధ్యప్రదేశ్ పడమటి కొసన ఉన్న ఝాబువా, అలీరాజ్‌పూర్, ధార్ ప్రాంతం. భిల్లులు, భిలాలాలు తరతరాలుగా పెంచుకుంటున్న కోడి ఇది. అక్కడ దీన్ని కాలీమాసీ అని కూడా అంటారు. ఝాబువా కడక్‌నాథ్ మాంసానికి 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఆ ప్రాంతపు మాంసానికి ఇచ్చిన గుర్తింపు. నెల్లూరులోనో నల్గొండలోనో పెరిగిన కోడి మీద జీఐ స్టిక్కరు కనిపిస్తే అమ్మేవాణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: ఈ కోడి ఝాబువా నుంచి ఎప్పుడొచ్చింది?

ఇక నలుపు సంగతి. మామూలు కోళ్లలో నలుపునిచ్చే మెలనిన్ ఈకల్లోనూ, కొన్నిటికి కాళ్ల మీదా ఆగిపోతుంది. వీటిలో ఒక జన్యుమార్పు వల్ల రంగు కణాలు హద్దు దాటి తోలులోకి, కండలోకి, ఎముక మీది పొరలోకి, లోపలి అవయవాల్లోకి కూడా పాకుతాయి. ఇండోనేషియాలోని ఆయం చెమానీ, చైనా నుంచి వచ్చిన సిల్కీ, స్వీడన్‌లోని నల్లకోడి, వీటన్నిటి నలుపుకీ మూలం ఈ ఒక్క మార్పే. మేత వల్లో, ఏ ఆకులు తినడం వల్లో వచ్చే రంగు కాదు.

ఒక్క ముక్క మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈ నలుపు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు, పిల్లలో బయటపడుతుంది. కడక్‌నాథ్ పుంజుని నాటుపెట్టల మీద వదిలితే మొదటి తరం పిల్లలు చాలావరకు నల్లతోలుతోనే పుడతాయి. మార్కెట్లో సగం మోసాలు నడిచేది దీని మీదే.

ఏమేం కావాలి

కొనడానికి వెళ్లేటప్పుడు: ఒక టార్చిలైటు, తడిపిన తెల్ల దూది, చిన్న తూకం కాటా. పగటి వెలుతురులోనే వెళ్లండి. సాయంత్రం ఏ కోడైనా నల్లగానే కనిపిస్తుంది.

పిల్లలు తెచ్చుకునేవాళ్లయితే ఇంకా: గుండ్రంగా చుట్టగలిగే రేకు లేదా అట్ట, రెండు బల్బులు, వరి ఊక, పాత పేపర్లు, పిల్లల నీళ్ల డబ్బా, మేత పళ్లెం, థర్మామీటరు, పిల్లల దాణా. ఇవన్నీ పిల్లలు రాకముందే సిద్ధంగా ఉండాలి. పిల్లలు ఇంటికొచ్చాక బల్బు హోల్డరు కోసం బజారుకి పరుగెత్తేవాళ్లని చాలామందిని చూశాను.

1. ఎందుకోసమో తేల్చుకోండి

కూరకోసమైతే తోలు నల్లగా, కోడి ఆరోగ్యంగా ఉంటే చాలు. సంకరమైనా మీకొచ్చే నష్టం లేదు, అసలు కడక్‌నాథ్ ధర కట్టకుండా ఉంటే. పిల్లలు తీసి అమ్ముదామనుకుంటే మాత్రం స్వచ్ఛత చూడాలి, 9వ మెట్టులోని పరీక్ష చేయాలి. రెండు అవసరాలకీ ఒకే ధర పెట్టకండి.

2. ఎక్కడ తెచ్చుకోవాలి

మొదటి మాట ప్రభుత్వ సంస్థలదే. ఝాబువా కృషి విజ్ఞాన కేంద్రానికి సొంత హేచరీ (గుడ్లు పొదిగించే కేంద్రం) ఉంది. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ కూడా ఈ జాతి మీద ఏళ్లుగా పనిచేస్తోంది. మనకి దగ్గర్లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు అసీల్‌నీ కడక్‌నాథ్‌నీ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు. పిల్లలు ఉన్నాయా లేవా అన్నది ఎప్పటికప్పుడు ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే. ముందుగా బుక్ చేసి ఆగాల్సి రావచ్చు, ఆగండి.

ప్రైవేటు ఫారమైతే ఒకటే నియమం: తల్లికోళ్ల మందని చూపించమనండి. పిల్లలు వేలల్లో ఉండి తల్లికోళ్లు ఎక్కడో "వేరే ఫారంలో" ఉన్నాయంటే తిరిగొచ్చేయండి. మంద చూపించినా, అందులో మామూలు నాటుపెట్టలు కలిసి తిరుగుతుంటే ఆ గుడ్లు ఎవరివో అమ్మేవాడికీ తెలియదు.

ఫోటోలు చూసి, ముందే డబ్బు వేసి, బస్సు పార్సిల్‌లో తెప్పించుకోవడం అన్నిటికన్నా ప్రమాదం.

3. పెద్దకోడిని ఇలా పరీక్షించండి

ఈ మెట్టు నెమ్మదిగా చదవండి. చాలామంది ఈకల దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. మన పందెంకోళ్ల లెక్కలో ఒళ్లంతా నల్ల ఈకలుంటే అది "కాకి". కాకి పుంజు ఎంత నిగనిగలాడినా ఈకలు విడదీస్తే లోపల తెల్లతోలో ఎర్రతోలో కనిపిస్తుంది, నెత్తిన జుట్టు ఎర్రగా ఉంటుంది. సంతల్లో కడక్‌నాథ్ పేరుతో అమ్ముడుపోయేవాటిలో ఈ కాకులు కొన్ని ఉంటాయి. ఈకలు నిజంగానే ఆఖరి సాక్ష్యం.

నేను చూసే వరస ఇది.

అరికాలు. కోడిని తిరగేసి పట్టుకుని అరికాలు చూడండి. కడక్‌నాథ్‌కి కాళ్లు, వేళ్లతోపాటు అరికాలు కూడా పలక రంగులో, అంటే బూడిద కలిసిన నలుపులో ఉంటుంది. బ్లాక్ ఆస్ట్రలార్ప్ అనే గుడ్ల జాతి ఉంది. ఈకలు నలుపు, కాళ్లు కూడా నలుపే. కానీ అరికాలు తెల్లగా ఉంటుంది. ఆ ఒక్క చూపుతో దొరికిపోతుంది. అరికాలికి మట్టి, రెట్ట అంటుకుని ఉంటే తడి దూదితో తుడిచి చూడండి. ఆ దూదికి నలుపు అంటుకుందంటే ఇంకేమీ చూడక్కర్లేదు.

రెక్క కింద తోలు. రెక్క ఎత్తి, చంకలో ఈకలు పలచగా ఉన్నచోట నోటితో ఊదండి. తోలు ముదురు నీలం-నలుపులో కనిపించాలి. రొమ్ము మీద, తోక కింద కూడా ఇలాగే ఊది చూడండి. ఒకచోట నల్లగా, ఇంకోచోట తెల్లని మచ్చలుంటే సంకరమని అనుమానించండి.

నోరు. ముక్కు మెల్లగా తెరిచి టార్చి వేయండి. నాలుక ఊదా కలిసిన నలుపులో ఉంటుంది. గులాబీ రంగు నాలుక, గులాబీ అంగిలి ఉంటే వద్దు.

జుట్టు, గొంతు కింద వేలాడే కండలు, చెవి తమ్మెలు. జుట్టు ఊదారంగులోకి తిరిగిన నలుపు. చెవి తమ్మెల మీద మెరిసే నీలం ఛాయ ఈ జాతి అందం. పొరబాటు జరిగేది ఇక్కడే. ఎదిగిన పుంజుకి జుట్టులో కాస్త ఎరుపు ఛాయ తొంగిచూస్తే "ఇది నకిలీ" అని విసిరికొట్టేవాళ్లున్నారు. ముదురు ఊదాలో ఎర్రజీర ఉంటే మిగతా గుర్తులతో కలిపి చూడండి. మందారంలాగా ఎర్రగా ఉంటే మాత్రం అది కడక్‌నాథ్ కాదు.

వేళ్లు. నాలుగే ఉండాలి. ఐదు వేళ్లు, కాళ్ల మీద ఈకలు, నెత్తిన కుచ్చు, పట్టులాంటి బొచ్చు ఉంటే అది సిల్కీ లేదా దాని సంకరం.

ఆఖర్న ఈకలు. కడక్‌నాథ్‌లో మూడు రకాలున్నాయి: పూర్తి నలుపు, మెడ మీద తెల్లని గీతలున్న రకం, మెడ మీద బంగారు ఛాయ ఉన్న రకం. "ఒక్క బంగారు ఈక ఉన్నా నకిలీయే" అనేది అపోహ. ఆ మాట నమ్మి మంచి పుంజుని వదిలేసి, పక్కనున్న కాకిని ఎక్కువ ధరకి కొనుక్కుపోయేవాళ్లుంటారు.

బరువు కూడా ఒకసారి తూచండి. ఎదిగిన పుంజు రెండు కిలోల దరిదాపుల్లో, పెట్ట కిలో పావు నుంచి కిలోన్నర మధ్య ఉంటుంది. మూడున్నర కిలోల "కడక్‌నాథ్ పుంజు" కనిపిస్తే దాని తాత ఎవరో పందెంకోడి అయివుండాలి.

4. పిల్లల్ని ఇలా పరీక్షించండి

ఒకరోజు పిల్లల్లో మోసం తేలిక. ఏ నల్లపిల్లైనా ముద్దుగానే ఉంటుంది. కడక్‌నాథ్ పిల్ల బొచ్చు నీలం కలిసిన నలుపులో ఉండి, వీపు మీద తీరూతెన్నూ లేని ముదురు చారలుంటాయి. బొచ్చు రంగుతో సరిపెట్టుకోకుండా ముక్కు, కాళ్లు, అరికాళ్లు, బొడ్డు చుట్టూ తోలు చూడండి. అన్నీ ముదురుగా ఉండాలి. పొట్ట కింద లేతపసుపు బొచ్చు, గులాబీ తోలు, లేతరంగు అరికాలు కనిపిస్తే పక్కన పెట్టండి.

జాతరలో ఆకుపచ్చ, గులాబీ కోడిపిల్లల్ని అమ్మడం చూసే ఉంటారు. పిల్లలకి రంగు వేయడం అంత సులువు. కనీసం ఐదారు పిల్లల్ని తడి దూదితో తుడవండి.

జాతితోపాటు ఆరోగ్యం కూడా చూడాలి. బొడ్డు పూర్తిగా ఎండి మూసుకుపోయి ఉండాలి. వెల్లకిలా పడుకోబెడితే వెంటనే లేచి నిలబడాలి. తోక కింద రెట్ట అంటుకుని గట్టిపడిన పిల్లని ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. హేచరీలో మారెక్స్ (కాళ్లు పడిపోయే తెగులు) టీకా వేశారా అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

5. మొదటి మూడు వారాలు

పిల్లలు చచ్చిపోయేది ఎక్కువగా ఈ మూడు వారాల్లోనే. "అడవి జాతి, ఏమీ కాదులే" అనుకుని గంప కింద వదిలేస్తే తెల్లారేసరికి సగం పోతాయి. తల్లి లేని పిల్లకి అడవిజాతి అయినా చలి చలే.

రేకుని గుండ్రంగా చుట్టండి. మూలలుంటే పిల్లలు అక్కడ ఒకదానిమీద ఒకటి పడి ఊపిరాడక చస్తాయి. కింద రెండంగుళాల మందాన ఊక, మొదటి మూడు నాలుగు రోజులు దాని మీద పేపరు. పేపరు లేకపోతే మేతనుకుని ఊకనే తింటాయి.

మొదటి వారం పిల్లల ఎత్తులో వేడి 35 డిగ్రీలు. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించండి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి: బల్బు కింద గుట్టగా చేరి కీచుమంటే చలి, అంచులకి పోయి నోళ్లు తెరిస్తే ఉక్క, అంతటా పరుచుకుని పడుకుంటే సరిపోయినట్టు. మన మే నెలలో పగలు బల్బే అక్కర్లేకపోవచ్చు. అర్ధరాత్రి దాటాక మాత్రం కావాలి. కరెంటు పోతే ఏం చేస్తారో ముందే ఆలోచించుకోండి.

ప్రయాణం చేసి వచ్చిన పిల్లలకి ముందు నీళ్లు. లీటరు నీళ్లలో చెంచాడు బెల్లం లేదా ఎలక్ట్రోలైట్ పొడి. రెండు మూడు పిల్లల ముక్కులు నీళ్లలో ముంచి చూపిస్తే మిగతావి నేర్చుకుంటాయి. గంట తర్వాత మేత పెట్టండి.

సరిగ్గా జరుగుతోందా? ఆ రాత్రి పది పిల్లల్ని పట్టుకుని గొంతు కింద మేత సంచిని వేలితో తడిమి చూడండి. మెత్తగా, నిండుగా ఉండాలి. ఖాళీగా ఉంటే మేత దొరకడం లేదు, గట్టిగా ఉంటే నీళ్లు తాగడం లేదు.

6. టీకాలు: "కడక్‌నాథ్‌కి రోగాలు రావు" అనేది శుద్ధ అబద్ధం

అన్ని అపోహల్లో కోళ్లని చంపేది ఇదే. పెరటి వాతావరణాన్ని తట్టుకునే గుణం వీటికి ఉంది, కాదనను. కానీ కొక్కెర తెగులుకి (రాణిఖేత్) జాతిభేదం లేదు. 2021 జనవరిలో బర్డ్‌ఫ్లూ ఝాబువాలోనే ఒక కడక్‌నాథ్ ఫారాన్ని పట్టుకుంది. ఉన్న కోళ్లన్నిటినీ నిర్మూలించారు. క్రికెటర్ ధోనీ రాంచీలోని తన ఫారం కోసం రెండువేల పిల్లలకి ఆర్డరిచ్చింది ఆ ఫారానికే. వార్త అందరూ చదివారు. "రోగాలు రావు" అనే మాట మాత్రం మానలేదు.

మామూలుగా పాటించే వరస: మొదటి రోజు మారెక్స్ (హేచరీలో), 5 నుంచి 7వ రోజు లోపు కొక్కెర తెగులుకి లసోటా కంటిచుక్క, 14వ రోజు గంబోరో తెగులు టీకా, 28వ రోజు దగ్గర మళ్లీ లసోటా, ఆరో వారం కోళ్ల మశూచి టీకా, ఎనిమిదో వారం కొక్కెర తెగులుకే ఆర్2బి సూది. మీ ఊళ్లో ఏ తెగులు తిరుగుతోందో పశువైద్యుడికి తెలుసు కాబట్టి, తేదీలు ఆయన మారిస్తే ఆయన మాటే వినండి.

టీకా సీసాలు ఎక్కువగా వంద డోసులవి, అంతకు పెద్దవి. ఇరవై పిల్లలకోసం సీసా విప్పితే మిగతాది పారబోయాల్సిందే. పక్కింటివాళ్లని కలుపుకుని ఒకేరోజు వేయించండి. ఫ్లాస్కులో ఐసు వేసి తెచ్చి, కలిపాక గంట రెండు గంటల్లో పూర్తిచేయండి. చొక్కా జేబులో పెట్టుకుని ఎండలో తెచ్చిన సీసా వేసినా ఒకటే, వేయకున్నా ఒకటే.

రెట్టలో రక్తం కనిపిస్తే అది చాలావరకు కాక్సీడియోసిస్, తడిసిన ఊకలో పెరిగే పేగు తెగులు. వెంటనే ఊక మార్చి, మందు కోసం డాక్టరు దగ్గరికి వెళ్లండి.

7. మేత, ఎదుగుదల

మొదటి ఎనిమిది వారాలు పిల్లల దాణా మానొద్దు. తర్వాత దాణా తగ్గించి నూకలు, జొన్నలు, తౌడు, ఆకుకూర, అజొల్లా (నీళ్ల మీద పెరిగే పచ్చిమేత) కలుపుకోవచ్చు. తిరగనిస్తే పురుగూ చెదా అవే వెతుక్కుంటాయి. రాత్రికి మూసే గూట్లో కోడికి రెండు చదరపు అడుగులు ఉండాలి. ముంగిస, బావురుపిల్లి దూరని వల వేయండి.

ఎదుగుదల దగ్గర అందరికీ గాభరా. బ్రాయిలర్ ఆరు వారాల్లో రెండు కిలోలు దాటుతుంది. కడక్‌నాథ్ ఇరవై వారాలకి కిలో లోపే ఉంటుంది. "నాలుగు నెలలైంది, ఎదగట్లేదు, మందు చెప్పండి" అని అడుగుతారు. ఎదుగుతోంది, దాని లెక్క అది. నెలకోసారి అవే ఐదు కోళ్లని తూచి రాసుకోండి. ప్రతినెలా పెరుగుతూ ఉంటే చాలు, ఆగిపోతే కడుపులో నులిపురుగులకి వేసే మందు సంగతి చూడండి.

8. డబ్బు లెక్క, బైబ్యాక్ (మేమే తిరిగి కొంటామనే) వల

ఇది పెద్దగా మొదలుపెట్టాలనుకునేవాళ్లకి. "డిపాజిట్ కట్టండి, పిల్లలు మేమిస్తాం, దాణా మేమిస్తాం, గుడ్డు ఇంత ధరకి మేమే కొంటాం" అని ఎవరైనా వస్తే తలుపు దగ్గరే ఆపండి. మహారాష్ట్రలో సాంగ్లీ, కొల్హాపూర్ వైపు ఇలాగే వేలమంది రైతులు డబ్బు కట్టారు. 2019లో అది కూలి, పోలీసు కేసుల దాకా వెళ్లింది. మనవాళ్లకి ఈము పక్షుల కథ గుర్తుండే ఉంటుంది. అక్కడా ఇంతే: పిల్లల అమ్మకం జోరుగా సాగినన్నాళ్లూ అందరూ లాభాల్లోనే ఉన్నారు, మాంసం కొనేవాడు ఎవడని అడిగిన రోజున కూలిపోయింది.

మీ లెక్క ఇలా వేయండి: మీ ఊరికి ఇరవై కిలోమీటర్ల లోపు, నెలకి ఎన్ని కోళ్లు, ఎవరు, ఏ ధరకి కొంటారు? పేర్లతో రాయండి. ఆ కాగితం నిండకుండా షెడ్డు కట్టొద్దు. ఆన్‌లైన్లో కనిపించే కిలో ధరలు అడిగే ధరలు. ఇచ్చే ధరలు వేరే ఉంటాయి.

9. గుడ్లు, పొదిగించడం, స్వచ్ఛత పరీక్ష

ముందు అపోహ తీర్చేద్దాం: కడక్‌నాథ్ గుడ్డు నల్లగా ఉండదు. లేత గోధుమరంగులో, మీగడ రంగులో ఉంటుంది. లోపల సొన కూడా మామూలే. ఆయం చెమానీ గుడ్డు కూడా నలుపు కాదు. నల్లగుడ్ల ఫోటోలు తిరుగుతుంటాయి కదా, జపాన్‌లో ఒవాకుదాని అనేచోట గంధకపు వేడినీటి బుగ్గల్లో మామూలు కోడిగుడ్లనే ఉడకబెడితే పెంకు నల్లబడుతుంది. పర్యాటకుల కోసం అమ్ముతారు. "కడక్‌నాథ్ నల్లగుడ్డు" అని మీకెవరైనా అమ్మజూపితే అక్కడితో బేరం ఆపేయండి.

పెట్ట ఆరు నెలలకి గుడ్డు మొదలుపెడుతుంది. ఏడాదికి ఎనభై నుంచి వంద పైచిలుకు. ఇవి సరిగ్గా పొదగవు. రెండురోజులు కూర్చుని మూడోరోజు లేచిపోతాయి. అందుకే గుడ్లని పొదుగు మీదున్న నాటుపెట్ట కింద పెట్టండి, కడక్‌నాథ్ గుడ్లు చిన్నవి కాబట్టి పది పన్నెండు పడతాయి. ఇంక్యుబేటర్ అయితే 37.5 డిగ్రీలు, 18వ రోజు దాకా తిప్పడం, 21వ రోజుకి పిల్ల. ఏడోరోజు చీకట్లో టార్చి మీద పెట్టి చూస్తే పిల్ల కట్టిన గుడ్డులో ఎర్రటి దారాల్లాంటి నరాలు కనిపిస్తాయి. కనిపించనివి తీసేయండి. ఈ జాతిలో కట్టని గుడ్లు ఎక్కువే, మీ పుంజుని తిట్టకండి. ఎనిమిది పది పెట్టలకి ఒక పుంజు, ఏడాదికోసారి పుంజుని బయటినుంచి మార్చడం మంచిది.

ఇక అసలు పరీక్ష. సంకర కోళ్లు చూపుకి నల్లగానే ఉంటాయి, పట్టుకునేది పిల్లల్లోనే.

జంటని పరీక్షించడానికి ఒక పుంజు, ఒక పెట్టని విడిగా ఉంచి, వాటి గుడ్లని మాత్రమే పొదిగించండి. ఇద్దరూ సంకరమైతే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి తెల్లతోలుతో పుడుతుంది. ఒక్కటి పుట్టినా చాలు, ఇద్దరిలోనూ నాటు రక్తం ఉన్నట్టే. ఇరవైకి ఇరవై నల్లగా వస్తే ఆ జంటలో కనీసం ఒకదాని నలుపు గట్టిది, అంటే దాని తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చింది.

పుంజుని ఒక్కదాన్నే పరీక్షించాలంటే నాటుపెట్టతో కలపండి. పది పిల్లలూ నల్లగా వస్తే పుంజు నలుపు గట్టిది. సగం తెల్లగా వస్తే సంకరం. ఇక్కడ రెండు జాగ్రత్తలు. పెట్టని ముందు మూడు వారాలు ఏ పుంజూ లేకుండా విడిగా ఉంచాలి. పాత పుంజు వీర్యం పెట్ట కడుపులో రెండు మూడు వారాలు నిలిచి ఉంటుంది. రెండోది, చాలామందికి తెలియనిది: పెట్ట తోలు తెల్లగా ఉన్నా, కాళ్లు నల్లగానో నీలంగానో ఉన్నదాన్నే తీసుకోండి. పసుపు కాళ్ల, తెల్లకాళ్ల కోళ్లలో తోలు నలుపుని అణచివేసే ఇంకో జన్యువు ఉంటుంది. అలాంటి పెట్టతో పరీక్షిస్తే మేలైన పుంజు పిల్లల్లో కూడా కొన్ని వెలిసిపోయినట్టు పుట్టి, పాపం పుంజు మీదకి నింద వస్తుంది.

ఈ పరీక్ష చెప్పేది నలుపు జన్యువు గురించి మాత్రమే. సైజు, గుడ్లు, మిగతా లక్షణాలన్నీ కడక్‌నాథ్‌వేనని దీంతో రుజువు కాదు. అందుకే తల్లిదండ్రుల మందని చూడమన్నది.

10. కోసేటప్పుడు, వండేటప్పుడు

మన దగ్గర నాటుకోడిని మంట మీద కాల్చి పసుపు రాసి కోస్తారు. కడక్‌నాథ్ అని కొన్నప్పుడు మాత్రం కాల్చకముందే తోలు చూడండి. కాల్చాక మాడిన తోలేదో నల్లతోలేదో దేవుడికే తెలియాలి.

రక్తం నల్లగా ఉండదు. మామూలు కన్నా కాస్త ముదురు ఎరుపు, అంతే. రక్తానికి రంగునిచ్చేది హిమోగ్లోబిన్, మెలనిన్‌కి అక్కడ పనిలేదు. "ఎర్రరక్తం వచ్చింది, మోసపోయాం" అని కోడి అమ్మినవాడితో గొడవ పెట్టుకోకండి.

కడుపు తెరిచాక గొంతు గొట్టం, పేగుల్ని పట్టి ఉంచే పలచటి పొర, పుంజైతే వృషణాలు, గుండె మొదలు చూడండి. నలుపు బాగా తేలేది అక్కడే. తొడ ఎముక మీద కత్తితో గీస్తే పైపొర నల్లగా లేచి వస్తుంది, దాని కింద ఎముక మామూలుగా ఉంటుంది. కండ నలుపు అన్ని చోట్లా ఒకేలా ఉండదు. ఒకచోట బూడిద రంగులో ఉన్నంత మాత్రాన నకిలీ కాదు. దుకాణంలో కోసి పెట్టిన ముక్కలైతే నీళ్లలో రుద్ది కడగండి. అసలు నలుపు నీళ్లకి దిగదు.

అమెరికాలో, సింగపూర్‌లో ఉన్న మనవాళ్లకి: అక్కడి చైనా దుకాణాల్లో దొరికే నల్లకోడి సిల్కీ, కడక్‌నాథ్ కాదు. కాళ్లతో అమ్ముతారు కాబట్టి వేళ్లు లెక్కపెట్టండి, ఐదుంటాయి. పులుసుకి బాగానే ఉంటుంది.

వంటకి వస్తే కొవ్వు తక్కువ, కండ బిగువు ఎక్కువ. బ్రాయిలర్‌లా ఇరవై నిమిషాల్లో దించితే నమలలేరు. నాటుకోడి పులుసు పద్ధతిలో, కుక్కర్లో ఓపిగ్గా ఉడికించండి. పులుసు నల్లబారుతుంది, చూసి భయపడొద్దు.

ఆరోగ్యం మాటలు ఎంతవరకు నమ్మాలి

పోస్టర్ల మీద ఒక పట్టిక కనిపిస్తుంది: కడక్‌నాథ్‌లో మాంసకృత్తులు 25 శాతం, కొవ్వు 0.73 నుంచి 1.03 శాతం, మామూలు కోడిలో కొవ్వు 13 నుంచి 25 శాతం అని. ఆ రెండో అంకె దగ్గర ఆగండి. అంత కొవ్వు తోలూ, కొవ్వూ కలిపి తూచిన కోడికి వస్తుంది. తోలు తీసిన బ్రాయిలర్ రొమ్ము కండలో కొవ్వు రెండు మూడు శాతమే, మాంసకృత్తులు కూడా కడక్‌నాథ్‌కి దగ్గరదగ్గరే. కడక్‌నాథ్ మాంసం పలచనిదే, మంచిదే. తిరిగి తిని నెమ్మదిగా ఎదిగిన ఏ కోడి మాంసమైనా అలాగే ఉంటుంది.

నలుపు ఇనుము కాదు, రంగు. కాబట్టి "నల్లగా ఉంది, రక్తం పడుతుంది" అనే లెక్క కుదరదు. షుగరు, బీపీ, గుండెజబ్బు, క్యాన్సర్, మగతనం, ఇలా అమ్మేవాడి జాబితా కొనేవాడి వయసుని బట్టి మారుతుంటుంది. వీటిలో దేనికీ ఇది మందు కాదు. కోడి తిన్న రోజు షుగరు పెరగలేదంటే, దాంతోపాటు అన్నం ఎంత తిన్నారో కూడా చూసుకోవాలి. మాత్రలు మానేసి కడక్‌నాథ్ తింటున్నామని చెప్పేవాళ్లు మీ ఇంట్లో ఉంటే, కోడి తిననివ్వండి, మాత్రలు మాత్రం మళ్లీ మొదలుపెట్టించండి.